అట్టముక్కలు

మా యింట పత్తాల పేరెత్తుట నిషిద్ధము. మా తాతగారి అన్నగారు మంజీర యొడ్డుననున్న రెండెకరముల మాగాణిని పత్తాలాటలో పోగొట్టుకొనిరట. ఆ పొలము గట్టు మీదుగా పోవునప్పుడెల్ల మా నాయనగారు ఒక్క క్షణము నిలిచి, వ్రేలితో చూపి, ఏమియు మాటలాడక మరల నడచెడివారు. ఆ మౌనమే మాకు పాఠము. నేను పెరిగి పెద్దవాడనై, తెలుగు పండిత పరీక్షలో నుత్తీర్ణుడనై, తుదకు ప్రధానోపాధ్యాయుడనైన పిమ్మట కూడ, ఏ బాలుని చేతిలోనైనను నాలుగు అట్టముక్కలు కనబడినచో నా కంటికి ఆ మాగాణియే కనబడెడిది. ఆ చూపు వలన నేనొక తప్పు చేసితిని. అది తప్పని తెలియుటకు నాకు పందొమ్మిది సంవత్సరములు పట్టినది.

2024వ సంవత్సరమున రాఖీ పండుగకై రామచంద్రాపురములోని మా కుమార్తె యింటికి పోయియుంటిని. పండుగ తెల్లవారుననగా, నడురాత్రి దాటిన పిదప దప్పికయై లేచితిని. ముందరి గదిలో వెలుతురు కనబడెను. నా మనుమడు, ఎనిమిదవ తరగతి చదువుచున్నవాడు, చెవులకు తీగలు తగిలించుకొని కంప్యూటరు ముందు కూర్చుండి యుండెను. నన్ను చూచి ఉలిక్కిపడి, “అమ్మకు చెప్పకు తాతా! ఇవాళ ఫైనల్. ఇది అయిపోంగనే పడుకుంట” అనెను.

ఏదో క్రికెట్ కాబోలు ననుకొని నేనును ప్రక్కన కూర్చుంటిని. తెరమీద ఇద్దరు యువకులు బల్లకు ఇరువైపుల కూర్చుండియుండిరి. కేకలు లేవు, పరుగులు లేవు. ఒకడు చేతిలోని ముక్కలను సవరించుకొనుచుండగా రెండవవాడు రెప్ప వేయక చూచుచుండెను.

“పత్తాలాట చూచుటకు నిద్ర మానితివా?” అని కోపముతో నడిగితిని.

“పత్తాలు కావు తాతా. పొకెమాన్ కార్డులు. ప్రపంచ పోటీ. హొనొలులులో జరుగుతున్నది. అక్కడ ఇంకా ఆదివారమే.”

హొనొలులు పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులలోనిది. మన గడియారము కంటె పదునైదున్నర గంటలు వెనుక. ఇచట శ్రావణ పూర్ణిమ సోమవారము ప్రవేశించినను, అచట ఆదివారపు ప్రొద్దు ఇంకను గడవలేదు. నాకు తెలిసిన భూగోళము ఈ విధముగా నక్కరకు వచ్చినది. తక్కినదంతయు వానియొద్దనే నేర్చుకొనవలసి వచ్చెను. ఆ రాత్రి నేను విద్యార్థిని, వాడు గురువు.

ఆట పద్ధతి యిది. ప్రతి ఆటగాడును తన కట్టను తానే కూర్చుకొని తెచ్చుకొనును. అందు సరిగా 60 కార్డులుండవలెను. ఒక్కటి తక్కువైనను ఎక్కువైనను చెల్లదు. సామాన్యమైన శక్తికార్డులు తప్ప, ఒకే పేరుగల కార్డులు నాలుగింటికి మించరాదు. మొదట ఏడు కార్డులు చేతికి తీసికొందురు. ఆరు కార్డులు బహుమానముగా బోర్లించి ప్రక్కన పెట్టుదురు. ఎదుటివాని ప్రాణిని పడగొట్టినప్పుడెల్ల ఆ ఆరింటిలోనుండి తీసికొనుచు పోయి, ముందుగా ముగించినవాడు సాధారణముగా గెలుచును. ఒక్కొక్క ప్రాణికి ఇంత బలమనియు, ఇంత దెబ్బ కొట్టుననియు, దానికి ఫలానా ప్రత్యేక గుణము కలదనియు కార్డు మీదనే అచ్చువేయబడి యుండును. వేలకొలది కార్డులలోనుండి అరువదింటిని ఏరుకొనుటయే సగము ఆట అని మా వాడు చెప్పెను. బల్ల యొద్దకు వచ్చిన తరువాత జరుగునది మిగిలిన సగము.

ఆనాటి తుదిపోటీలో ఒకడు చిలీ దేశస్థుడు, ఫెర్నాండో సిఫుయెంటెస్. రెండవవాడు జపాను దేశస్థుడు, సెయినోసుకె షియోకావా. ఒకనికి స్పానిష్, ఒకనికి జపనీస్. జపానువాని కార్డుల మీద జపాను లిపియే యుండెను. ఒకని మాట ఒకనికి తెలియదు, అయినను ఒకని ఎత్తు ఒకనికి తెలియును. మా పటాన్‌చెరు వాడలో ఒడిశా, బీహారు పిల్లలు తెలుగు పిల్లలతో గోళీలాడునప్పుడు నేనిట్టిదే చూచియుంటిని.

చిలీ యువకుడు తెచ్చిన కట్ట విచిత్రమైనది. తక్కినవారందరు పెద్ద పెద్ద గుణములుగల ప్రాణులను కూర్చుకొని వచ్చిరట. ఇతడు ముండ్లుగల ఇనుప ప్రాణి నొకదానిని నమ్ముకొనెను. అది ముందు నిలిచియున్నంతసేపు ఎదుటి పక్షములోని ఘనమైన ప్రాణుల ప్రత్యేక గుణములు పనిచేయవు. మనుమడు ఈ సంగతి చెప్పగానే నాకు అష్టావధానములోని నిషిద్ధాక్షరి జ్ఞప్తికి వచ్చెను. అవధాని ఒక అక్షరము చెప్పగానే, తరువాత ఏ అక్షరము రాగలదో ఊహించి, దానిని వాడరాదని పృచ్ఛకుడు అడ్డుపడును. పృచ్ఛకుడు తాను పద్యము చెప్పడు. అవధాని నోటికి వచ్చుచున్న మాటను మాత్రము ఆపును. “అదే తాతా, అదే!” అని మా వాడు ఎగిరి, తల్లి లేచునేమోయని నోరు మూసికొనెను.

సిఫుయెంటెస్ గెలిచెను. యాబది వేల డాలర్ల బహుమానము. స్వదేశమునకు పోయిన పిదప ఆ దేశాధ్యక్షుడు బోరిక్ ఆ యువకుని తన భవనమునకు పిలిపించి అభినందించెను. అదే పోటీ ఆఖరి ఘట్టములలో మరియొక ఆటగాడు కెమెరాల యెదుట అసభ్యమైన సంజ్ఞ చేసినందున పోటీనుండి తొలగింపబడెను. ఈ సంగతి మా వాడు నాకు చెప్పుటకు కొంచెము వెనుకాడెను. ఆ ఆటమీద నాకు మరల ఏవగింపు కలుగునని భయపడెను కాబోలు. నాకు మాత్రము ఆ ఆటయందు గౌరవము కలిగినది అక్కడనే.

తరువాతి దినములలో ఈ ఆట పుట్టుపూర్వోత్తరములు కొన్ని చదివి తెలిసికొంటిని. ఆటగాళ్లు తమ కార్డులను తామే సేకరించి, మార్చుకొని, కట్టలు కూర్చుకొను ఈ పద్ధతిని లోకమునకు పరిచయము చేసినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా దేశపు గణితశాస్త్రజ్ఞుడు. అతడు వేరొక ఆటను కల్పించి ఒక చిన్న ప్రచురణ సంస్థకు చూపగా, దానిని తయారుచేయుటకు ఖర్చు ఎక్కువ, చౌకగా నుండి, సంచిలో పట్టి, తీరిక వేళలలో ఆడుకొనదగిన దానిని తెమ్మని వారనిరట. ఆ నిరాకరణనుండి 1993లో ‘మ్యాజిక్’ అను కార్డుల ఆట పుట్టినది. మరుసటి సంవత్సరమే, 1994లో, మిల్వాకీ నగరమున దానికి ప్రపంచ పోటీ జరిగెను. జాక్ డోలన్ అను అమెరికావాడు మొదటి విజేత. 1996లో జపానులో పొకెమాన్ కార్డులు వచ్చినవి. ఆ ప్రాణులను మొదట కల్పించిన సతోషి తజిరి బాల్యమున పురుగులను పట్టి సేకరించు అలవాటు గలవాడు. మనము తూనీగలను, ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో దాచుకొన్నట్లే. 2004లో అమెరికాలోని ఓర్లాండోలో ఈ పేర మొదటి ప్రపంచ పోటీ నడచెను. 2020, 2021 సంవత్సరములలో కరోనా వలన ఆగి, 2022లో లండన్‌లో, 2023లో యొకొహామాలో జరిగినది. ఇందు వయస్సును బట్టి మూడు వర్గములుండును గనుక, పదేండ్ల పిల్లలు కూడ తమ యీడు వారితో తలపడి ప్రపంచ విజేతలు కాగలరు.

మన దేశమున కార్డులు క్రొత్తవి కావు. బాబరు చక్రవర్తి 1527లో సింధులోనున్న తన మిత్రునికి గంజిఫా ముక్కలను పంపినట్లు తన జీవిత చరిత్రలో వ్రాసికొనెను. ఆ గుండ్రని ముక్కల మీద మనవారు దశావతారములను చిత్రించిరి. అవతారమునకు పన్నెండు చొప్పున మొత్తము 120 ముక్కలు. మన తెలంగాణములోని నిర్మల చిత్రకారులు గంజిఫాలను వ్రాయుటలో ప్రసిద్ధులు. మత్స్యావతారము, కూర్మావతారము చేతబట్టి ఆడిన పూర్వులకు ఈ జపాను ప్రాణులు అంత వింతగా తోచియుండవు.

ఐనను మా నాయనగారి వ్రేలు నన్ను విడువలేదు. ఇది జూదమా, విద్యయా? ఈ ప్రశ్న మన న్యాయస్థానములలోనే పూర్వము వచ్చియున్నది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు విషయమై నడచిన వ్యాజ్యములో, రమ్మీ కేవలము అదృష్టము మీద నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొని ఏది పట్టవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుటకు నేర్పు కావలెననియు 1968లో సుప్రీంకోర్టు చెప్పెను. డబ్బు పెట్టి ఆన్‌లైనులో ఆడు రమ్మీ వలన కుటుంబములు చెడుచున్నవని 2017లో తెలంగాణ ప్రభుత్వము దానిని నిషేధించెను. ఈ రెండు మాటలును నాకు సరిగానే తోచుచున్నవి. ముక్కలలో దోషము లేదు. పందెములో కలదు.

పొకెమాన్ ఆటలో పందెము లేదు. కాని నాకు నచ్చని దొకటి కలదు. కార్డులను మూసిన పొట్లములలో అమ్ముదురు. విప్పువరకు లోపల ఏమున్నదో తెలియదు. అరుదైన కార్డు దొరకునేమోయని పిల్లలు పొట్లము వెంట పొట్లము కొందురు. ఇది లాటరీకి దగ్గరి చుట్టమే యని మనుమనితో వాదించితిని. గుడివాడలో పుట్టి, తండ్రి శిక్షణలో పెరిగి, 2019లో మాస్కోలో, మరల 2024 చివర న్యూయార్కులో ర్యాపిడ్ చదరంగమున మహిళా ప్రపంచ విజేతయైన కోనేరు హంపిగారిని చూపి, “ఆమె ముందరనున్న పదునారు కాయలును ఎదుటివారి పదునారు కాయలును సమానము. కలవాని మంత్రి యని, లేనివాని మంత్రి యని భేదము లేదు. నీ ఆటలోనో? కొనగలవాడు గెలుచును” అంటిని.

వాడు జవాబు చెప్పక లోపలికి పోయి తన కట్టను తెచ్చెను. ప్రతి కార్డును ఒక పలుచని ప్లాస్టిక్ తొడుగులోనుండెను. వానిలో కొన్ని అచ్చువేసినవి కావు. నోటుబుక్కు కాగితమును చించి, పెన్నుతో పేరును అంకెలను వ్రాసి, పాత కార్డు మీద పెట్టి తొడిగినవి.

“ఇవి ఏమి?”

“కొననివి తాతా. కాగితం మీద రాసుకొని ఇంట్ల ఆడుతం. పోటీల పనికిరావు. సాధనకు అందరు ఇట్లనే చేస్తరు. మొదలు రాసుకొని ఆడి చూసినంకనే, ఏది మంచిదో తెలుసుకొని కొనాలె.”

ఆ కాగితపు ముక్కలను చేత పట్టుకొనగానే నాకు మాట రాలేదు.

2005వ సంవత్సరమున నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడకు సమీపమున ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. పాశమైలారము, ఇస్నాపురము బస్తీలలోని కూలీల పిల్లలు అచట చదువుచుండిరి. మేస్త్రీ మారినచో బస్తీ మారును, బస్తీ మారినచో బడి మారును. పరీక్షల నాటికి ఎవరుందురో, ఎవరు పోవుదురో తెలిసెడిది కాదు. ఎనిమిదవ తరగతిలో గంజాం జిల్లానుండి వచ్చిన బాలుడొకడుండెను. వాని తండ్రి ఒక మందుల కర్మాగారములో కాంట్రాక్టు కూలి. ఇంట ఒరియా, బడిలో తెలుగు. వ్యాసము వ్రాయుమన్నచో నాలుగు పంక్తులు వ్రాసి ఊరకుండెడివాడు. వానికి తెలుగు రాదని నేను నిశ్చయించుకొని యుంటిని.

ఒకనాడు తరగతి ఉపాధ్యాయుడు ఆ బాలుని చెవి పట్టుకొని నా గదికి తెచ్చెను. వాని సంచిలో రబ్బరు పట్టీ వేసిన కట్ట యొకటి దొరికినదట. మందుల డబ్బాల అట్టలను సమముగా కత్తిరించి చేసిన ముక్కలు. వెనుకవైపున నన్నిటికిని పుస్తకములకు వేయు గోధుమరంగు కాగితము అంటింపబడి యుండెను. వెనుకనుండి చూచినచో ఏ ముక్క ఏదో తెలియదు. అంత శ్రద్ధగా వెనుకవైపు దాచినవాడు ఆరితేరిన జూదరియే యని నాకు రూఢియైనది. వెనుకవైపు నన్నియు నొక్కటిగా నుండవలెననునది ప్రపంచ పోటీలలో కూడ నియమమనియు, గుర్తుగల ముక్క కనబడినచో శిక్ష యుండుననియు నాకు అప్పుడు తెలియదు.

ముందువైపున బొమ్మలు. బొమ్మ క్రింద తెలుగులో వ్రాత. నేను వానిని చదువకయే పారవేసితినని చెప్పినచో నా తప్పు కొంత తగ్గును. కాని నేను చదివితిని. ఒకదానిమీద చేప బొమ్మ యుండెను. దాని క్రింద, “నక్కవాగు చేప. బలము 40. దీనిని ఎవ్వరూ తినరాదు, కొట్టరాదు. తన వాగు నీలు తాను తాగుట వలన ప్రతి వంతుకు 20 పోవును” అని యుండెను. ‘నీళ్లు’ అని వ్రాయవలసిన చోట ‘నీలు’ అని వ్రాసెను. నేను చేతిలోనున్న ఎఱ్ఱ పెన్నుతో ఆ మాటను చుట్టి, ‘ళ్లు’ అని పైన దిద్దితిని. అది నా అలవాటు. దిద్దిన పిదప, ఆ చేపతో సహా కట్టనంతయు తీసికొని పోయి, మధ్యాహ్న భోజనము వండుచున్న పొయ్యిలో వేసితిని.

“పైసలు పెట్టి ఆడము సార్” అని బాలుడొక్క మాట అనెను. నేను నోరు మూయుమంటిని. వాడు ఏడువలేదు. అట్టలు నల్లబడి ముడుచుకొనువరకు నిలిచి చూచి, తరగతికి పోయెను. వంట చేయు అవ్వ నావైపు ఒకసారి చూచి, పప్పు కలుపుట మొదలిడెను. దసరా సెలవుల తరువాత ఆ బాలుడు బడికి రాలేదు. అందులో వింత లేదు, ఆ బడిలో సగము మంది అంతే. వాడు నా వలననే మానెనని చెప్పలేను, కాదనియు చెప్పలేను.

నక్కవాగు మంజీరలో కలియు వాగు. ఒకప్పుడు దాని నీటితో వరి పండెడిది. 1980ల నాటికి కర్మాగారముల మురుగు చేరి, దాని రంగు మారి, చేపలు తేలి, బావులు చెడి, రైతులు కోర్టులకెక్కిరి. ఈ విషయమై నేను విద్యార్థులచేత ‘పర్యావరణ పరిరక్షణ’ అను వ్యాసమును ఏటేట వ్రాయించితిని. వారందరు గైడు చూచి వ్రాసినదే వ్రాసిరి. ఒక్కడు మాత్రము నేనడుగకయే నక్కవాగును గూర్చి మూడు వాక్యములు వ్రాసెను. అవి పొయ్యిలోనికి పోయినవి.

రాఖీ పండుగనాటి మధ్యాహ్నము నేను ఈ కథనంతయు మనుమనికి చెప్పితిని. దిద్దిన సంగతి కూడ దాచలేదు. వాడు నన్నేమైన అనునేమో యని చూచితిని. వాని దృష్టి నా మీద లేదు. చేప మీదనే యుండెను.

“మళ్లోసారి చెప్పు తాతా. ఎవ్వరు కొట్టరాదు, కాని వంతుకు 20 పోతది. బలం 40. అంటే రెండు వంతులు అడ్డం నిలబడి, దానంతట అదే పోతది. ఆ రెండు వంతులల్ల వెనకున్నోటిని తయారు చేసుకోవచ్చు.” కొంచెము సేపు వ్రేళ్లమీద లెక్క వేసికొని, “శానా మంచి కార్డు తాతా. బలం 60 పెడితే అన్యాయమైతుండె, 20 పెడితే పనికిరాకపోతుండె. ఆయనకు లెక్క తెలుసు” అనెను.

పదమూడేండ్ల కూలివాని కొడుకును నా మనుమడు ‘ఆయన’ అనెను. నేను వానిని అట్లు పిలువ నెరుగను.

ఇంకేవైన జ్ఞప్తికి తెచ్చుకొనుమని వాడు నన్ను వేధింపసాగెను. ఎంతో ఆలోచింపగా రెండు వచ్చినవి. ఒకటి బాయిలరు భూతము. దాని బొమ్మ మాత్రమే గుర్తున్నది, నియమము గుర్తులేదు. రెండవది మూడవ షిఫ్టు గుడ్లగూబ. ఎదుటి ప్రాణి నిద్రించుచున్నచో అది రెండు దెబ్బలు కొట్టును. ఆ బాలుని తండ్రి రాత్రి పాళీకి పోవుచుండెనని నాకు అప్పుడు తోచినది. కట్టలో నలువది ముక్కలకు తక్కువ యుండవు. తక్కినవి పోయినవి.

మనుమడు అట్టను కత్తిరించి చేప బొమ్మ వేసెను. నేను నియమమును చెప్పగా క్రింద వ్రాసెను. ‘నీలు’ అనియే వ్రాయుమంటిని. వాడు నవ్వి అట్లే వ్రాసెను. తరువాత నిజమైన కార్డునొకదానిని తీసి, దాని క్రింది భాగమున సన్నని అక్షరములతో చిత్రకారుని పేరు అచ్చువేసియున్న చోటు చూపి, “ఇక్కడ ఆయన పేరు రాయాలె. పేరేంది తాతా?” అని యడిగెను.

ప్రవేశ పట్టికలో నేనే స్వహస్తముతో వ్రాసిన పేరు. తండ్రి పేరు, ఊరి పేరు, పుట్టిన తేదీ కూడ వ్రాసితిని. ఇంటిపేరు నాలుక చివరనున్నది గాని బయటికి రాలేదు. ఆ సాయంకాలమంతయు ఆలోచించితిని. ఇంటికి మరలి వచ్చునప్పుడు బస్సులో, ఇస్నాపురము దాటునప్పుడు, కిటికీలోనుండి బడిగోడ కనబడగా మరల ఆలోచించితిని.

ఆ కార్డు ఇప్పుడు మా మనుమని కట్టలో, తొడుగు వేసి యున్నది. సెలవులలో మేమిద్దరము ఆడునప్పుడు నా వంతున అది రెండు మారులు వచ్చినది. క్రింది మూల ఖాళీగానే యున్నది.